పట్టూ, విడుపూ

మన జువాలజీ జవాబు పత్రాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఏ సంవత్సరపు కట్ట విప్పినా కనబడుతుంది: “న్యూరల్ క్రెస్ట్ కణములు పిండములోని వివిధ భాగములకు వలసపోవును.” అంతే. తర్వాత ఒక చుక్క. ఆ చుక్కతో మార్కులు ఖాయం. నా తగాదా అంతా ఆ చుక్కతోనే.

వలస అనే మాట మనకు కొత్తది కాదు. పాలమూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ మూటాముల్లె సర్దుకుని వెళ్ళినవాళ్ళ సంగతి తెలియని వాడు మనలో లేడు. ఫలానావాడు వలస వెళ్ళాడని వింటే వెంటనే నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఎందుకు వెళ్ళాడు? ఎవరితో వెళ్ళాడు? ఏ దారిన వెళ్ళాడు? అక్కడ ఎలా నిలదొక్కుకున్నాడు? మనిషి విషయంలో ఇన్ని అడిగే మనం కణం విషయంలో ఒక్కటీ అడక్కుండా ఎలా ఊరుకుంటున్నాం? దానికి కాళ్ళు లేవు, కళ్ళు లేవు, చేతిలో చీటీ లేదు. అయినా పిండం వీపు వైపున పుట్టిన కణం ముఖం దాకా, పేగు చివరి దాకా ఎలా చేరుతోంది?

ఇది పరీక్షలకు పనికిరాని ప్రశ్న అని కొందరు మిత్రులు అంటారు. పరీక్షల మాట తర్వాత చూద్దాం. ఇది బతుకులకు పనికొచ్చే ప్రశ్న అని నా అభిప్రాయం. ఎమ్మెస్సీ చదువుతున్న విద్యార్థిగా, ఆ అభిప్రాయానికి కారణాలు మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

* * *

కథ ఒక గుడ్డముక్కతో మొదలవుతుంది. 1907లో అమెరికాలో హెచ్. వి. విల్సన్ అనే ఆయన సముద్రపు స్పంజిక ముక్కను సన్నని పట్టుగుడ్డలో పెట్టి పిండాడు. గుడ్డ కళ్ళలోంచి కణాలు విడివిడిగా నీళ్ళలోకి రాలాయి. చూస్తూండగా అవి మెల్లగా పాకి ఒకదాన్నొకటి చేరి ముద్దకట్టాయి. ఆ ముద్దలే మళ్ళీ స్పంజికలుగా ఎదిగాయి. చెల్లాచెదురైన కణాలకు తిరిగి కలిసే గుణం ఉందని అలా తెలిసింది.

స్పంజిక అల్పజీవి కదా, వెన్నెముక ఉన్న జంతువుల మాటేమిటి? జర్మనీలో పుట్టి అమెరికాలోని రోచెస్టర్‌లో స్థిరపడిన హోల్ట్‌ఫ్రేటర్, టౌన్స్‌తో కలిసి 1955లో దీనికి జవాబు చెప్పాడు. ఉభయచరాల పిండాలు తీసుకుని, ద్రావణంలో క్షారగుణం పెంచితే కణాలు విడిపోయాయి. బహిస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం మూడింటి కణాలనూ కలగాపులగం చేసి, ద్రావణాన్ని మామూలు స్థితికి తెచ్చారు. అన్నీ కలిసి మొదట ఒకటే ముద్ద అయ్యాయి. తర్వాత వాటంతటవే విడిపడి, బహిస్త్వచం వాళ్ళు బయటికి, అంతస్త్వచం వాళ్ళు లోపలికి, మధ్యస్త్వచం వాళ్ళు నడుమకు సర్దుకున్నారు. (కణాలను “వాళ్ళు” అన్నానని మాస్టార్లు కోప్పడకూడదు. ఆ పని చూస్తే అలా అనాలనే అనిపిస్తుంది.)

ఎవరు సర్దారు? 1963లో మాల్కం స్టైన్‌బర్గ్ ఒక సూటి సమాధానం ఇచ్చాడు. నూనె, నీళ్ళు కలిపి గిలక్కొట్టి వదిలేస్తే వేరుపడవా? ఎవరూ వేరు చెయ్యనక్కర్లేదు. తమలో తాము గట్టిగా పట్టుకునే కణాలు లోపలికి చేరతాయి. పట్టు తక్కువవి చుట్టూ పరుచుకుంటాయి. పట్టులో ఉన్న తేడాయే ఈ సర్దుబాటుకు మూలం అన్నాడాయన. తర్వాత వచ్చినవాళ్ళు ఈ లెక్కకు చాలా మార్పులూ చేర్పులూ చేశారు. కానీ ప్రశ్నను సరైన చోట పెట్టిన ఘనత ఆయనదే.

సరే, ఆ పట్టు దేనిది? ఇక్కడ కథ జపాన్‌కు వెళుతుంది. మసతోషి తకేయిచి అనే శాస్త్రజ్ఞుడు 1970లలో కొంతకాలం అమెరికాలోని కార్నెగీ సంస్థలో పనిచేశాడు. క్యోటోలో చేసినట్టే అక్కడా ట్రిప్సిన్‌తో కణాలను విడదీశాడు. క్యోటోలో అవి మళ్ళీ చక్కగా అతుక్కునేవి. ఇక్కడ అతుక్కోలేదు! ఇంకొకరైతే ఆ గాజు గిన్నెలు కడిగేసి ఊరుకునేవారేమో. ఆయన కారణం వెతికాడు. అమెరికా ద్రావణంలో కాల్షియాన్ని పట్టేసే ఇ.డి.టి.ఎ. అనే పదార్థం కలిసి ఉంది. కాల్షియం ఉన్నంతసేపూ ట్రిప్సిన్ కొరకలేని అతుకుడు ప్రోటీను ఒకటి ఉందనీ, కాల్షియం పోగానే దానికి రక్షణ పోతోందనీ అలా తేలింది. ఆ ప్రోటీన్లకే తర్వాత క్యాడ్‌హెరిన్లు అని పేరు పెట్టాడు. చర్మం లాంటి పొరల్లో ఇ-క్యాడ్‌హెరిన్, నాడీ కణజాలంలో ఎన్-క్యాడ్‌హెరిన్, ఇలా వాటిలో రకాలున్నాయి. ఒక రకం ముఖ్యంగా తన రకాన్నే పట్టుకుంటుంది.

క్యాడ్‌హెరిన్ పక్కవాణ్ణి పట్టుకునే చెయ్యి అనుకుంటే, నేలను పట్టుకునే పాదం ఇంకొకటి ఉంది. దానికి రిచర్డ్ హైన్స్ బృందం 1986లో ఇంటిగ్రిన్ అని పేరు పెట్టింది. కణాల మధ్య ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లతో అల్లిన ఒక పరుపు ఉంటుంది. కణానికి అదే నేల. ఇంటిగ్రిన్ దాన్ని బయటినుంచి పట్టుకుని, లోపల కణం అస్థిపంజరంతో ముడివేస్తుంది. ముందు పట్టి, వెనక వదిలి, మళ్ళీ ముందు పట్టి... కణం నడక ఇదే.

ఎంత గట్టిగా పడితే అంత బాగా నడుస్తుందా? లేదు. 1997లో కొలిచి చూస్తే, పట్టు మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా కణం కదలలేదు. మధ్యస్థంగా ఉన్నప్పుడే వేగం హెచ్చు. మన పల్లెల్లో దీన్ని ఎవరికీ నేర్పనక్కర్లేదు. పాచి పట్టిన మెట్టుమీద కాలు నిలవదు. దమ్ము చేసిన మడిలో దిగబడిన కాలు పైకి రాదు. నడకంటే పట్టూ విడుపూ రెండూ కలిసిన పని.

* * *

ఇప్పుడు మన చుక్క దగ్గరికి వద్దాం. నాడీనాళం మూసుకునే చోట, దాని పైగట్టు మీద పుట్టేవే న్యూరల్ క్రెస్ట్ కణాలు. వాటి ప్రయాణంలో మొదటి అడుగు విడుపు. కట్టినట్టు పట్టుకున్న పొరలోంచి ఊడి రావాలంటే క్యాడ్‌హెరిన్ల సంగతి మారాలి. 1998లో నకగావా, తకేయిచి కోడిపిండంలో ఆ కణాలచేత క్యాడ్‌హెరిన్‌ను మితిమీరి తయారు చేయించారు. చాలా కణాలు నాళం దాటి బయటికి రాలేకపోయాయి. పుట్టింటి చెయ్యి వదలనివాడు ప్రయాణమే మొదలుపెట్టలేడు.

రెండో అడుగు పట్టు. 1984లో బూకో, తియెరీ ప్రభృతులు ఫైబ్రోనెక్టిన్‌లో కణం పట్టుకునే చిన్న తునకను పోలిన నకిలీ తునకను పిండాల్లోకి ఎక్కించారు. ఉభయచర పిండంలో గాస్ట్రులేషన్ ఆగిపోయింది. పక్షి పిండంలో న్యూరల్ క్రెస్ట్ వలస ఆగిపోయింది. నేల ఉన్నచోటే ఉంది, పాదమూ ఉంది. కానీ ఆ పాదాల నిండా నకిలీ నేల ఇరుక్కుంది.

మూడోది దారి. వెన్నుకు అటూ ఇటూ సోమైట్లు వరసగా ఉంటాయని మన రికార్డుల్లో అందరం గీస్తాం. మొండెం భాగంలో ఈ కణాలు ప్రతి సోమైట్‌లోనూ ముందు సగంలోంచే వెళ్తాయి. వెనక సగం మీద ఎఫ్రిన్ లాంటి ప్రోటీన్లు “ఇటు రావద్దు” అంటాయి. మన వెన్నుపక్క నాడీగ్రంథులు అలా ఖండఖండాలుగా, వరసగా ఏర్పడడానికి ఇదొక ముఖ్య కారణం.

నాలుగోది తోడు. కప్ప, జీబ్రాచేప పిండాల్లో ఈ కణాలు ఒకదాన్నొకటి తాకగానే ఆ వైపు కదలిక మానుకుని వేరే వైపు తిరుగుతాయని లండన్‌లో రొబెర్తో మయోర్ బృందం 2008లో చూపించింది. గుంపు అంచున ఉన్నవాటికి ఖాళీ ఉన్నది బయటివైపే కనుక, అవి ముందుకే చూస్తాయి. 2010లో అదే బృందం ఇంకో విశేషం చెప్పింది. దూరంనుంచి వచ్చే రసాయన పిలుపును ఒంటరి కణం సరిగా అందుకోలేకపోయింది, గుంపు మాత్రం దాని వెంబడి సాగింది. తోటివాటిని తాకుతూ ఉండడమే వాటికి దిశను చూపుతోందన్న మాట.

ఇదంతా చెప్పి ఐకమత్యం మీద ఉపన్యాసం మొదలుపెడతాననుకోకండి. పిండం మనకు నీతులు చెప్పడానికి పుట్టలేదు. కానీ మన బుర్రల్లో ఒక పాత బొమ్మ ఉంది. కేంద్రకంలో జన్యువు అనే అధికారి కూర్చుని ఆజ్ఞలు జారీచేస్తాడు, కణం బంట్రోతులాగా వెళ్ళి పనిచేసుకొస్తుంది అని. ఆ బొమ్మ సరికాదు. ఏ ప్రోటీను ఎంత తయారవ్వాలో జన్యువు చెబుతుంది, నిజమే. కానీ ఎటు వెళ్ళాలన్నది పక్కవాడి పట్టుమీదా, కిందినేల మీదా, అడ్డొచ్చిన గట్టుమీదా, ఆ ఘడియమీదా ఆధారపడి తేలుతుంది. నాలుగింట్లో ఏ ఒక్కటి తప్పినా ప్రయాణం తప్పుతుంది.

తప్పితే ఏమవుతుంది? కౌజుపిట్ట కణాల కేంద్రకాలు సూక్ష్మదర్శినిలో కోడివాటికంటే వేరుగా కనబడతాయి. దాన్ని ఆధారం చేసుకుని కౌజుపిట్ట కణాలను కోడిపిండంలో నాటి, పేగుగోడలోని నాడీకణాలు ముఖ్యంగా మెడవైపు న్యూరల్ క్రెస్ట్ నుంచి వస్తాయని ఫ్రాన్స్‌లో నికోల్ ల దువారాఁ, తెయ్యే 1973లో నిరూపించారు. ఎక్కడి మెడ, ఎక్కడి పేగు చివర! మనిషిలో ఈ కణాలు చివరిదాకా చేరకపోతే ఆ పేగు ముక్క కదలదు. పుట్టిన బిడ్డకు విరేచనం కాదు, పొట్ట ఉబ్బుతుంది. దీన్ని హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి అంటారు. సుమారు 5000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. దీనికి ఎక్కువగా కనబడే జన్యుకారణం రెట్ అనే జన్యువులో లోపం. కానీ 2006లో ఎలుకల్లో ఈ కణాల ఇంటిగ్రిన్‌ను ఒకదాన్ని తీసేసి చూస్తే, అచ్చం ఈ వ్యాధి లాంటిదే వచ్చింది. నేలమీద పట్టు పోయిన ఆ కణాలు ఒకదాన్నొకటి అతిగా పట్టుకుని, గుంపులుగా వెనకనే ఉండిపోయాయి.

* * *

ఇప్పుడు పొరుగుదేశాల ప్రయోగశాలలనుంచి మన ఇళ్ళలోకి వద్దాం. పై పెదవి చీలి పుట్టడాన్ని మనం ఏమంటాం? గ్రహణం మొర్రి. ఆ మాటలోనే తీర్పు ఉంది. గ్రహణం వేళ కడుపుతో ఉన్న ఆడది చెయ్యకూడనిది ఏదో చేసింది, అందుకే బిడ్డ ఇలా పుట్టింది అని.

మా పిన్నికి రెండో కాన్పులో ఆడపిల్ల మొర్రితో పుట్టింది. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం. ఆ సాయంత్రం పిన్ని కత్తిపీట ముందు కూచుని వంకాయలు తరిగిందట. అప్పటికి ఆమెకు ఏడో నెల. పిల్ల పుట్టినప్పటినుంచీ ఆ కత్తిపీట కథ ఇంటింటికీ తిరిగింది. పిల్లకు ఆపరేషన్ అయింది, పెదవి కలిసింది, ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్ళి గలగలా మాట్లాడుతోంది. పిన్ని మాత్రం నలుగురిలోకి రావడం తగ్గించేసింది. ఏ పేరంటానికి వెళ్ళినా ఎవరో ఒకరు “ఆ వేళ ఎందుకమ్మా ముట్టుకున్నావు?” అంటారు.

దీనికి జవాబు మన సిలబస్‌లోనే ఉంది. మనిషి ముఖం మొదట అయిదు మొగ్గలు. ఆ మొగ్గలను నింపేవి తలభాగం నుంచి వలస వచ్చిన న్యూరల్ క్రెస్ట్ కణాలే. పై పెదవికి కావలసిన మొగ్గలు దగ్గరికి పెరిగి, వాటిమీది పొరలు అతుక్కుని, ఆ అతుకు కరిగి లోపలి కణాలు ఒకటైతే పెదవి అవుతుంది. ఇదంతా పిండానికి ఏడు వారాలు నిండేలోగా పూర్తి! అంటే మా పిన్ని బిడ్డ పెదవి సంగతి జూన్ నాటికే తేలిపోయింది. అక్టోబరులో పట్టిన గ్రహణం వెనక్కి నడిచి జూన్‌లోకి ఎలా వెళుతుంది? కత్తిపీటకు అంత శక్తి ఎక్కడిది? ఇక తొలివారాల్లోనే గ్రహణం వచ్చిన తల్లుల మాటంటారా? ప్రపంచంలో సుమారు 700 కాన్పులకొక బిడ్డ మొర్రితో పుడుతోంది. ఇది గ్రహణాలున్న ఏడూ లేని ఏడూ, గ్రహణం కనబడిన దేశంలోనూ కనబడని దేశంలోనూ జరుగుతున్నదే.

అతుకుడు ప్రోటీన్లకూ దీనికీ సంబంధం ఉందా? కొన్ని కుటుంబాల్లో ఉందని రుజువైంది. వెనిజులాలోని మార్గరీటా దీవిలో మొర్రితో పాటు చర్మం, జుట్టు, పళ్ళ లోపాలు కొన్ని కుటుంబాల్లో వస్తుంటే, కారణం నెక్టిన్-1 అనే అతుకుడు ప్రోటీను జన్యువులో ఉందని 2000లో తెలిసింది. న్యూజీలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో చిన్న వయసుల్లోనే కడుపు క్యాన్సర్ వస్తుంటే, ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువులో లోపం ఉందని 1998లో కనుక్కున్నారు. అదే జన్యువులో లోపం ఉన్న వేరే కుటుంబాల్లో కొందరికి మొర్రి కూడా ఉందని 2006లో గమనించారు. పిండంలో అతకవలసిన చోట అతకనిస్తే పెదవి, పెద్దయ్యాక విడవకూడని చోట విడవకుండా ఉంచితే ఆరోగ్యం. ఒకే ప్రోటీను చేసే కాపలా ఇది.

అలాగని ప్రతి మొర్రికీ ఒక ప్రోటీను పేరు అంటించడం తప్పు. చాలామందిలో ఎన్నో జన్యువులూ, పొగతాగడం, కొన్ని రకాల మందులు లాంటి బయటి కారణాలూ కలిసి పనిచేస్తాయి. ఒక్కో బిడ్డకు ఇదే కారణమని వేలెత్తి చూపడం వైద్యులకే కష్టం. మరి వైద్యులకే కష్టమైనదాన్ని పేరంటంలో అంత తేలిగ్గా తల్లిమీద వేసేస్తున్నాం.

* * *

అందుకే అంటున్నాను, ఆ చుక్క దగ్గర ఆగకూడదని. “వలసపోవును” అని రాసి ఊరుకున్న విద్యార్థి పట్టా పుచ్చుకుని ఇంటికి వెళ్ళాక, గ్రహణం రోజు తన అక్కనో వదిననో చీకటిగదిలో కదలకుండా పడుకోబెడుతుంటే అడ్డుచెప్పడు. ఎందుకంటే అతను చదివింది పేర్లు. జవాబు చెప్పడానికి కావలసింది “ఎలా, ఎప్పుడు” అన్న జ్ఞానం.

“సిలబస్ ఇప్పటికే గాడిదమోత, ఇంకా ఈ ప్రోటీన్ల పేర్లు కూడానా?” అని కొందరనవచ్చు. నేను పేర్లు పెంచమనడం లేదు. ఈ వ్యాసంలో వచ్చిన పేర్లన్నీ రేపు మరిచిపోయినా నష్టం లేదు. విడదీస్తే మళ్ళీ ఎందుకు సర్దుకున్నాయి, పట్టు ఎక్కువైతే ఎందుకు ఆగిపోయాయి అన్న రెండు ప్రశ్నలు గుర్తుంటే చాలు. “లాబులకు డబ్బేది?” అని ఇంకొందరంటారు. విల్సన్ ప్రయోగానికి ముఖ్యమైన పరికరం గుడ్డముక్క!

నా కోరికలు మూడే. మొదటిది, ప్రతి డిగ్రీ విద్యార్థి ఒక్కసారయినా బతికున్న పిండాన్ని చూడాలి. కొట్లో కొన్న ఫారం గుడ్డు పనికిరాదు, అందులో పిండం ఉండదు. పుంజుతో తిరిగే నాటుకోడి గుడ్డు కావాలి. దాన్ని 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజులు పొదిగించి, పెంకుకు చిన్న కిటికీ కోస్తే చాలు, గుండె కొట్టుకోవడం కళ్ళకు కనబడుతుంది. మన రికార్డుల్లో 24 గంటల బొమ్మ, 33 గంటల బొమ్మ, 48 గంటల బొమ్మ ఉంటాయి. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ నడుమ జరిగిన ప్రయాణమే అసలు పాఠమని, ఆ గుండెను చూసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

రెండోది, ప్రశ్నపత్రం కూర్చే పెద్దలకు విన్నపం. పిండాభివృద్ధి విభాగంలో ఏటా ఒక్క ప్రశ్నయినా “దీన్ని ఏ ప్రయోగంతో తెలుసుకున్నారు?” అని అడగండి. అడిగితే చదువుతాం. మా జాతి సంగతి మీకు తెలియంది కాదు.

మూడోది మనకే, అంటే యూనియన్‌కు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకు ఏటా పల్లెలకు వెళ్తున్నాం. రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. ఈసారి ఒక సాయంత్రం గ్రహణం మొర్రి గురించి మాట్లాడదాం. అయిదు మొగ్గల బొమ్మ ఒకటి గీసి, ఏడు వారాల లెక్క చెప్పి, ఆపరేషన్‌తో సరిచెయ్యొచ్చని చెప్పి వద్దాం. ఇంగ్లీషు మాటలు అవసరం లేదు. పట్టు, విడుపు, దారి, తోడు... ఈ నాలుగు తెలుగు మాటలతో చెప్పొచ్చు.

ఆ ఊళ్ళో ఒక్క తల్లిమీద పడ్డ నింద తొలగినా, మనం చదివిన పిండోత్పత్తి శాస్త్రం సార్థకమైనట్టే.